ముందు ప్లగ్ పాయింట్, తర్వాతే పెడల్

ఎలక్ట్రిక్ గిటార్ కొన్నవాడికి ఆర్నెల్లు తిరక్కుండానే ఓ జబ్బు పట్టుకుంటుంది. గిటారిస్టుల భాషలో దాని పేరు 'గ్యాస్'. పూర్తి పేరు గేర్ అక్విజిషన్ సిండ్రోమ్. పొట్టలో గ్యాస్‌కైతే ఈనో ఉంది గానీ ఈ గ్యాస్‌కి మందు లేదు. రాత్రి క్లయింట్ కాల్ అయ్యాక "ఒక్కటంటే ఒక్కటే" అనుకుంటూ ఓ పెడల్ డెమో వీడియో మొదలెడతాం. చూసుకునేసరికి రెండవుతుంది, కార్టులో నాలుగు పెడల్స్ ఉంటాయి. మన ఐటీ వాళ్ళకి ఇది మరీ ఎక్కువ. నెల తిరిగేసరికి జీతమైతే పడుతుంది గానీ వాయించడానికి టైమే దొరకదు. ఆ లోటు కొనడంతో తీర్చుకుంటాం. మన డబ్బు, మన సరదా. దాంతో నాకేం పేచీ లేదు.

నా పేచీ వేరే చోట ఉంది. అలా వీడియోలు చూసి సంపాదించిన జ్ఞానాన్ని ఊళ్ళో ఉన్న తమ్ముళ్ళకి సలహాగా పంచుతాం చూడండి, అక్కడ. మనకది సరదా, వాళ్ళకది కూడబెట్టిన డబ్బు.

మా చిన్నాన్న కొడుకు మదనపల్లెలో ఉంటాడు. పగలు మొబైల్ షాపులో పని, రాత్రుళ్ళు ఆర్కెస్ట్రాలో గిటార్. పెళ్ళి రిసెప్షన్లు, వినాయక చవితి పందిళ్ళు, పుంగనూరులో సుగుటూరు గంగమ్మ జాతర, కుప్పంలో తిరుపతి గంగమ్మ జాతర, ఎక్కడ పిలిస్తే అక్కడికి. ఏడాది పాటు దాచుకున్న డబ్బుతో పెడల్ బోర్డు కట్టాలని ఓ లిస్టు పంపాడు. ట్యూబ్ స్క్రీమర్, ఇంకో డిస్టార్షన్, వా, కోరస్, అనలాగ్ డిలే, రివర్బ్, వీటన్నిటి చివరా ఓ చిన్న ట్యూబ్ ఆంప్. "ఇవి చాలునా అన్నా, ఇంకేమన్నా కావల్లా?" అని అడిగాడు.

లిస్టులో ఒక్క వస్తువుకీ వంక పెట్టలేం. కాకపోతే అది అమెరికాలో ఎవడో తన సొంత గరాజ్‌లో వాయించుకునేవాడి లిస్టు. వాడి గోడకి సరైన ఎర్తింగ్ ఉంటుంది, వాడి ఆంప్ ఉన్నచోటే ఉంటుంది, పాటకీ పాటకీ మధ్య కాఫీ తాగొచ్చు. అందుకని నేను మావాడిని మూడే ప్రశ్నలు అడిగాను. నీ సౌండు చివరికి ఏ స్పీకర్‌లోంచి వస్తుంది? కరెంటు ఎక్కణ్ణించి వస్తుంది? పాట మారేటప్పుడు నీకెంత టైముంటుంది?

వాడి జవాబులు: "ఆంపు యాడిదన్నా, నేరుగా మిక్సర్లోకే. కరెంటంటావా, జనరేటర్. టైమా! ఈ పాట ముగియక ముందే కీబోర్డాయన ఇంకోటి ఎత్తుకుంటాడు."

ఇంతకీ నేను చెప్పొచ్చేది ఇదే. గిటార్ గేర్ ముందు నుంచి వెనక్కి కాదు, వెనక నుంచి ముందుకి ఎంచుకోవాలి. ముందు జనానికి వినబడే స్పీకర్, తర్వాత కరెంటు, ఆ తర్వాత పాటకీ పాటకీ మధ్య టైము, అన్నిటికన్నా చివర్న పెడల్. రిక్వైర్‌మెంట్ తెలియకుండా డిజైన్ మొదలెట్టకండని ఆఫీసులో రోజూ గొంతు చించుకునే మనం, గిటార్ దగ్గరికొచ్చేసరికి డిజైన్ తోనే మొదలెడతాం.

స్పీకర్ సంగతి ముందు చూద్దాం. డిస్టార్షన్ అంటే ఏంటో ఈసీఈ చదివినవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. జేఎన్‌టీయూ ల్యాబులో క్లిప్పర్లు, క్లాంపర్లు అని ఓ ఎక్స్‌పెరిమెంట్ చేసి, రికార్డులో గ్రాఫ్ గీసి సంతకం పెట్టించుకున్నాం కదా, అదే. సైన్ వేవ్ ఇస్తే డయోడ్లు దాని తలా తోకా కోసేస్తాయి. కోసిన చోట కొత్త హార్మోనిక్స్ పుడతాయి, అవి చెవికి గరగరగా తగులుతాయి. 1978లో వచ్చిన బాస్ డీఎస్-1 లో డయోడ్లు సిగ్నల్ దారికీ గ్రౌండుకీ మధ్య ఉంటాయి, అందుకని కోత కరుకుగా ఉంటుంది. దాదాపు ఆ కాలానిదే అయిన ఐబనెజ్ ట్యూబ్ స్క్రీమర్లో అవే డయోడ్లు ఆప్-ఆంప్ ఫీడ్‌బ్యాక్ దారిలో ఉంటాయి. కోత మెత్తగా ఉంటుంది, మధ్య ఫ్రీక్వెన్సీలు కాస్త పైకి లేస్తాయి. వేల రూపాయల తేడాకి మూలం డయోడ్లు ఎక్కడ పెట్టారన్నదే!

అన్నట్టు, అసలీ గరగర పుట్టిందే ఓ బగ్ వల్ల. 1961లో విడుదలైన మార్టీ రాబిన్స్ 'డోంట్ వరీ' పాట రికార్డింగులో, నాష్‌విల్ స్టూడియోలోని కన్సోల్ సర్క్యూటు పాడై బాస్ గిటార్ సౌండు చిరిగిపోయింది. వాళ్ళు దాన్ని పాటలో అలాగే ఉంచేశారు. 1962లో అదే చప్పుడుని డబ్బాలో పెట్టి 'మేస్ట్రో ఫజ్-టోన్' అని అమ్మారు. 1965లో రోలింగ్ స్టోన్స్ 'సాటిస్‌ఫాక్షన్'తో ప్రపంచమంతా విన్నది. బగ్గుని ఫీచర్ అని అమ్మడం మనం కనిపెట్టిన విద్య కాదన్నమాట :)

డెమో వీడియోలు సాధారణంగా చెప్పని సంగతి ఒకటుంది. ఇలా కోసిన వేవ్ కరుకు అంచుల్ని నున్నగా చేసేది పెడల్ కాదు, గిటార్ ఆంప్‌లోని స్పీకర్. గిటార్ ఆంప్‌లో పెట్టే పన్నెండంగుళాల స్పీకర్ సుమారు 5 కిలోహెర్ట్జ్ దాటాక గొంతు పోయినదానిలా అయిపోతుంది. గిటార్‌కి కావల్సింది కూడా అదే, ఉచితంగా దొరికే లో-పాస్ ఫిల్టర్. పందిట్లో పెట్టే పీఏ బాక్సులు అలా కాదు. గాయకుడి 'స', 'శ'లు దూరానికి కూడా తేటగా వినబడాలి కాబట్టి వాటిలో హార్న్ ఉంటుంది, అది ఇంకా చాలా పైదాకా పలుకుతుంది. డిస్టార్షన్ పెడల్‌ని నేరుగా మిక్సర్లో గుచ్చితే ఆ పై చప్పుడంతా బయటికొచ్చి, డబ్బాలో కందిరీగల్ని వేసి ఊపినట్టుంటుంది. సౌండాయన ఒకటి రెండు సార్లు చూసి ఫేడర్ దించేస్తాడు. ఆ రాత్రికి గిటారిస్టు స్టేజీ మీదున్నాడు గానీ పాటలో లేడు. ఇలాంటి రాత్రులు నాలుగు గడిస్తే "వీడికి వాయించడం రాదు" అనే పేరు వస్తుంది. వాడి వేళ్ళ తప్పేం లేకపోయినా.

ఇంకో చిక్కు, మిక్సర్ ఇన్‌పుట్. గిటార్ పికప్‌కి ఎదురుగా ఒక మెగాఓమ్ దాకా ఇంపీడెన్స్ ఉండాలి. మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో ఉండేది సాధారణంగా పది, ఇరవై కిలోఓమ్‌లు. నేరుగా గుచ్చితే సౌండు దుప్పటి కప్పినట్టు మొద్దుబారుతుంది. కాబట్టి మిక్సర్లోకి వాయించేవాడికి కావల్సింది ఆరు పెడల్స్ కాదు. గిటార్‌కి సరిపోయే ఇన్‌పుట్, గిటార్ స్పీకర్‌ని అనుకరించే క్యాబినెట్ సిమ్యులేషన్, మిక్సర్‌కి సరిపోయే అవుట్‌పుట్. ఈ మూడూ ఉన్న డబ్బా ఒకటి కావాలి. జూమ్, బాస్, మూవర్, వాలెటన్ లాంటి వాళ్ళు చేసే చిన్న మల్టీ ఎఫెక్ట్స్ యూనిట్లలో చాలావాటిలో ఇవి ఉంటాయి. కొనేముందు స్పెసిఫికేషన్లో క్యాబ్ సిమ్యులేషన్ ఉందో లేదో చూసుకోవాలంతే. ట్యూనర్ ఎలాగూ లోపలే ఉంటుంది.

మరి ట్యూబ్ ఆంప్? నాకూ ఇష్టమే. కానీ ట్యూబ్ ఆంప్ మోసేవాడికి వ్యాన్ కావాలి, దాని ముందు మైక్ పెట్టి ఓపిగ్గా సరిచేసే సౌండాయన కావాలి, ట్యూబ్ పోతే మార్చేవాడు కావాలి. మదనపల్లె నుంచి దాన్ని బెంగుళూరు మోసుకెళ్ళి రిపేరు చేయించుకునేసరికి రెండు ప్రోగ్రాములు పోతాయి. ఇక్కడ మనవాళ్ళు చేసే ఘనకార్యం ఇంకోటి, ఆన్‌సైట్ నుంచి వచ్చే ఫ్రెండుతో అక్కడి ఆంప్ తెప్పించడం. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. లోపలి ట్రాన్స్‌ఫార్మర్ రెండిటికీ పనికొచ్చేలా లేకపోతే మొదటి రోజే పొగ. లాప్‌టాప్ చార్జర్ మీద 100 నుంచి 240 వోల్టులని రాసి ఉంటుంది కదా, ఆంప్ వెనకా పెడల్ అడాప్టర్ మీదా అలా ఉందో లేదో చూడకుండా సూట్‌కేసులో పెట్టించకండి.

ఇక కరెంటు. అన్నిటికన్నా ముఖ్యమైనదిదే, ఎవరూ మాట్లాడనిదీ ఇదే. సింగిల్ కాయిల్ పికప్ ఉన్న గిటార్ మన 50 హెర్ట్జ్ కరెంటుని కూడా 'మ్మ్...' అని పాడేస్తుంది. 1955లో గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ అనే ఇంజనీరు ఎదురెదురు చుట్టిన రెండు కాయిల్స్ పక్కపక్కన పెట్టి ఆ మోతని కొట్టేయించాడు. అదే హంబకర్. ట్యూబ్‌లైట్లూ జనరేటర్లూ ఉన్న పందిళ్ళలో వాయించేవాడు గిటార్ కొనేటప్పుడే కనీసం బ్రిడ్జి దగ్గర హంబకర్ ఉన్నది చూసుకుంటే, తర్వాత నాయిజ్ గేట్ పెడల్ కోసం తిరగాల్సిన పని సగం తప్పుతుంది.

మోత ఒక ఎత్తు, షాక్ ఇంకో ఎత్తు. గిటార్ తీగలు బ్రిడ్జి గుండా గ్రౌండుకి కలిపి ఉంటాయి. తీగల మీద చెయ్యి వెయ్యగానే బర్రుమనే చప్పుడు తగ్గేది అందుకే. ఎర్త్ సరిగ్గా ఉన్నంతసేపూ అది మేలే. మూడు పిన్నుల ప్లగ్గుకి ఎర్త్ పిన్ను విరిచేసి రెండు పిన్నుల బోర్డులో గుచ్చారనుకోండి, ఆంప్‌లో ఏ చిన్న లీకేజీ ఉన్నా అది తీగల మీదికొచ్చి కూర్చుంటుంది. గిటారిస్టు కోరస్ పాడదామని మైక్‌కి పెదవి ఆనిస్తాడు. మైక్ వేరే బోర్డు నుంచి వచ్చిన మిక్సర్‌ది. మధ్యలో వైరు వాడే. 1972లో ఇంగ్లండ్ పక్కనున్న వేల్స్‌లో, స్వాన్సీ అనే ఊళ్ళో స్టేజీ మీద లెస్లీ హార్వే అనే గిటారిస్టు ఎర్త్ లేని మైక్ ముట్టుకుని చనిపోయాడు. 1976లో యార్డ్‌బర్డ్స్ గాయకుడు కీత్ రెల్ఫ్ ఇంట్లోనే, ఎర్త్ సరిగా లేని గిటార్ వాయిస్తూ పోయాడు. అంత పెద్ద మ్యూజిక్ కంపెనీలున్న దేశంలోనే ఈ గతి. మనూళ్ళో ఆర్కెస్ట్రా వాళ్ళనడిగితే పెదవి మీద జిల్లుమన్న అనుభవం చెప్పనివాడు అరుదు. నవ్వుతూ చెబుతారు. నాకైతే నవ్వు రాదు.

అందుకని నా లిస్టులో మొదటి వస్తువు పెడల్ కాదు, సాకెట్ టెస్టర్. మూడు పిన్నులు, మూడు లైట్లు ఉన్న చిన్న ప్లగ్. కొన్ని వందల్లో దొరుకుతుంది. గుచ్చగానే ఎర్త్ ఉందో లేదో, ఫేజూ న్యూట్రలూ తారుమారయ్యాయో చెప్పేస్తుంది. రెండోది 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు. తెలిసిన ఎలక్ట్రీషియన్ చేత కట్టించుకోవచ్చు. మిక్సర్, గిటార్, కీబోర్డు అన్నీ ఒకే బోర్డు నుంచి తీసుకుంటే గ్రౌండు తేడాలూ తగ్గుతాయి, మోతా తగ్గుతుంది. జనరేటర్‌కి ఎర్త్ రాడ్ పాతారా లేదా అని అడగడానికి సిగ్గు పడక్కర్లేదు. "గిటారోడికి ఎక్కువ" అనుకుంటే అనుకోనీండి.

పెడల్స్ కరెంటుది ఇంకో గోల. ఎక్కువ పెడల్స్‌కి 9 వోల్టులు, మధ్య పిన్ను నెగటివ్. పాత తరహా అనలాగ్ డిస్టార్షన్‌కి పది ఇరవై మిల్లీయాంపులు చాలు, డిజిటల్ డిలే, రివర్బ్‌లకి వంద నుంచి మూడొందల దాకా కావాలి. ఒకే చవక అడాప్టర్ నుంచి కొమ్మలు చీల్చి ఆరింటికీ ఇస్తే డిజిటల్ పెడల్ చేసే కూత డిస్టార్షన్లోకి పాకి స్పీకర్లో వినబడుతుంది. విడివిడి అవుట్‌పుట్లున్న మంచి పవర్ సప్లై కొనాలంటే దాదాపు ఇంకో రెండు పెడల్స్ ఖర్చు. ఆ ఖర్చుని ఎవరూ లిస్టులో వెయ్యరు. ప్యాచ్ కేబుళ్ళ ఖర్చూ వెయ్యరు.

మూడో ప్రశ్న, టైము. మెలొడీ పాటకి కోరస్, డిలే. దాని వెనకే మాస్ బీటు, డిస్టార్షన్ కావాలి, డిలే ఆపాలి, వాల్యూమ్ పెంచాలి. విడి పెడల్స్ అయితే చీకట్లో మూడు తొక్కాలి. ఒకటి తప్పినా పల్లవి పోయినట్టే. ప్రీసెట్ అయితే ఒక్క తొక్కుడు. టోన్ ప్రియులు దీన్ని చిన్నచూపు చూస్తారు గానీ, ఆర్కెస్ట్రాలో మొదటి నోటు టైముకి పడ్డం కంటే గొప్ప టోన్ లేదు.

"ఆర్కెస్ట్రా వాళ్ళకి ఇంత అవసరమా, ఏదో ఒకటి వాయిస్తే సరిపోదా" అనే పెద్దమనుషులు కూడా ఉన్నారు. వాళ్ళకి మా ఊరి సంగతొకటి గుర్తు చేస్తాను. 1919లో రవీంద్రనాథ్ టాగూర్ మదనపల్లె బిసెంట్ థియోసాఫికల్ కాలేజీకి వచ్చినప్పుడు జనగణమన పాడి వినిపిస్తే, ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ ఆ బాణీకి స్వరలిపి రాసింది. ఆయన ఆ పాటని ఇంగ్లీషులోకి మార్చిందీ ఇక్కడే. చిన్న ఊరు కదా, ఏదో ఒకటి చాల్లే అని ఆవిడ అనుకోలేదు, ప్రతి స్వరం పట్టించుకుంది. చిన్న ఊళ్ళో వాయించేవాడికీ సరైన సౌండు హక్కే. కాకపోతే ఆ సరైనదేదో ఆ ఊరి స్టేజీని బట్టి తేల్చాలి, వీడియోని బట్టి కాదు.

అవసరం తెలిసి కరెంటుని వాడుకున్నవాడికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ మన పాలకొల్లు మాండొలిన్ శ్రీనివాస్. మామూలు మాండొలిన్‌లో నాదం నిలవదు, టకటకమని ఆగిపోతుంది. గమకం పలకాలంటే మీటిన స్వరం కాసేపు బతికుండాలి. అందుకని ఆయన ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టుకున్నాడు. నాలుగు జంట తీగల్ని వదిలేసి అయిదు ఒంటి తీగలు పెట్టించుకున్నాడు. కర్ణాటక కచేరీ వేదిక మీద కూర్చుని, తర్వాత జాన్ మెక్‌లాఫ్లిన్‌తో 'రిమెంబర్ శక్తి'లో కూడా వాయించాడు. 2014లో 45 ఏళ్ళకే పోయాడు గానీ ఆ నాదం పోలేదు. కరెంటు నుంచి ఆయన కోరుకున్నది ముఖ్యంగా ఒక్కటి, స్వరం నిలవడం. ఆ ఒక్కటీ ఏంటో తెలిసి ఉండడమే అసలైన గేర్ అని నా నమ్మకం.

అలాగని విడి పెడల్స్ దండగని నేననడం లేదు. గొలుసు చివర నిజమైన గిటార్ ఆంప్ ఉన్నవాడికి అవే అందం. బెంగుళూరు జామ్ రూముల్లో వాయించుకునేవాళ్ళు హాయిగా ఒక ఓవర్‌డ్రైవ్, ఒక డిలే పెట్టుకోవచ్చు. వరస కూడా సులువే: వా, కంప్రెసర్, ఓవర్‌డ్రైవ్, కోరస్, డిలే, రివర్బ్. డిలేని డిస్టార్షన్ తర్వాత ఎందుకు పెట్టాలంటే, ముందు పెడితే ప్రతిధ్వనులన్నీ కలిసి ఒకేసారి చిరిగి ముద్దయిపోతాయి. సోల్డరింగ్ ఐరన్ పట్టడం మర్చిపోని ఈసీఈ వాళ్ళు ఎస్పీ రోడ్డులో ఓ ఆప్-ఆంప్, నాలుగు డయోడ్లు కొనుక్కుని సొంతంగా ఓ డిస్టార్షన్ కట్టుకుంటే అంతకన్నా మంచి ఆదివారం ఉండదు. ఫ్లాట్‌లో హెడ్‌ఫోన్స్‌తో వాయించేవాళ్ళకైతే పెడలే అక్కర్లేదు. ఓ ఆడియో ఇంటర్‌ఫేస్, న్యూరల్ ఆంప్ మోడలర్ లాంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ చాలు. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 128 శాంపిళ్ళ బఫర్ అంటే మూడు మిల్లీసెకన్ల లోపే. పక్కింటాయన కూడా దీవిస్తాడు.

క్లాన్ సెంటార్ లాంటి వాటి జోలికి మాత్రం పోకండి. 1994 నుంచి 2008 దాకా దాదాపు ఎనిమిది వేలు చేసి ఆపేశారు, ఇప్పుడు సెకండ్ హ్యాండువి లక్షల్లో పలుకుతున్నాయి. మదనపల్లె మార్కెట్లో 2023 జులైలో టమాటా కిలో వంద దాటి ఎగిరినా మళ్ళీ దిగొచ్చింది. క్లాన్ రేటు మాత్రం దిగే రకం కాదు.

ఇంతకీ మావాడి సంగతి. ఉన్న గిటార్‌కే కొత్త తీగలు వేయించి, ఇంటొనేషన్ సరిచేయించుకున్నాడు. రెండు మంచి కేబుళ్ళు, అయిదారు మీటర్లకి మించనివి. కేబుల్ పొడుగయ్యే కొద్దీ పై ఫ్రీక్వెన్సీలు తినేస్తుంది. క్యాబ్ సిమ్యులేషన్ ఉన్న ఓ చిన్న మల్టీ ఎఫెక్ట్స్ డబ్బా, టెస్టర్, ఆర్‌సీసీబీ బోర్డు. అన్నీ కలిపినా అనుకున్న డబ్బులో సగం మిగిలింది. ట్యూబ్ స్క్రీమర్ మీద మనసు పోలేదట, ఇంకో ఏడాది ఆగి కొంటాడట. కొననీండి, అప్పటికి అదెందుకో వాడికే తెలుస్తుంది.

మనలో చాలామందికి ఇలాంటి తమ్ముడో, చెల్లెలో, పాత క్లాస్‌మేటో ఊళ్ళో ఉంటారు. మనం పంపే లింకుకి వాళ్ళ దగ్గర విలువుంటుంది, 'అన్న బెంగుళూరులో ఉన్నాడు, అన్నకి తెలుసు' అని. ఆ నమ్మకానికి తగ్గట్టు ఓ పని చేద్దాం. ఏం కొనాలో చెప్పేముందు ఎక్కడ వాయిస్తున్నారో అడుగుదాం. పండక్కి ఊరెళ్ళినప్పుడు ఒక్క ప్రోగ్రాముకైనా వెళ్ళి స్టేజీ వెనక ఆ ప్లగ్ బోర్డు ఎలా ఉందో మన కళ్ళతో చూద్దాం. కానుక ఇవ్వాలనిపిస్తే మెరిసే పెడల్ కన్నా ముందు ఆ ఆర్‌సీసీబీ బోర్డు కట్టించి ఇద్దాం. దాన్ని చూసి ఎవరూ చప్పట్లు కొట్టరు, ఫోటో తీసి పెట్టుకోరు. కానీ వాయించేవాడు క్షేమంగా ఇంటికొస్తాడు. వచ్చే ఏడు జాతరకి మళ్ళీ వాయిస్తాడు.